ఇచ్ఛాపురం పక్కన పాలకొండ

శ్రీకాకుళం, విజయనగరం వైపు శాసనసభ నియోజకవర్గాలు పంతొమ్మిది. ఒడిశా సరిహద్దున ఉన్న ఇచ్ఛాపురంది 1వ నంబరు, అరకు దారిలో ఉన్న శృంగవరపుకోటది 19వ నంబరు. ఈ నంబర్లను జావాస్క్రిప్ట్‌లో ఒక అర్రేలో, అంటే జాబితాలో వేసి, మరేమీ చెప్పకుండా సార్ట్ చెయ్యమనండి, అంటే వరుసలో పెట్టమనండి. మొదట ఇచ్ఛాపురం వస్తుంది, బాగానే ఉంది. రెండోది పలాస కావాలి కదా? కాదు, పాలకొండ వస్తుంది. దాని వెనకే కురుపాం, పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి, చీపురుపల్లి, గజపతినగరం, నెల్లిమర్ల, విజయనగరం, శృంగవరపుకోట. పాత విజయనగరం జిల్లా తొమ్మిది నియోజకవర్గాలూ దిగిపోయాక అప్పుడు తీరిగ్గా పలాస, దాని తర్వాత టెక్కలి. ఏటిది అని తల పట్టుకోవలసిందే.

యంత్రం పొరపాటు చెయ్యలేదు. ఎలా పోల్చాలో మనం చెప్పలేదు కాబట్టి తనకు తెలిసిన పద్ధతిలో పోల్చింది. జావాస్క్రిప్ట్‌లో సార్ట్‌కు పోలిక సూత్రం ఇవ్వకపోతే, అర్రేలో ఉన్నవి అచ్చంగా అంకెలే అయినా ముందు వాటిని అక్షరాల వరసగా మార్చుకుంటుంది. తర్వాత నిఘంటువులో మాటలు పేర్చినట్టు ఎడమ నుంచి ఒక్కో గుర్తునూ పోలుస్తుంది. పాలకొండ నంబరు 10, పలాసది 2. మొదటి గుర్తులు 1, 2. 1 చిన్నది కనుక 10 ముందు. అంతటితో తీర్పు అయిపోయింది, ఆ వెనక సున్నా ఉందా లేదా అని చూసే పనే లేదు. 10 నుంచి 19 దాకా అన్నీ ఒకటితోనే మొదలవుతాయి కాబట్టి 2 కన్నా ముందే వచ్చేస్తాయి.

దీనికి మందు ఒక్క వాక్యం. రెండిటిని పోల్చేటప్పుడు మొదటి దాంట్లోంచి రెండోది తీసెయ్యి, ఫలితం రుణ సంఖ్య అయితే మొదటిది ముందు, ధన సంఖ్య అయితే రెండోది ముందు, సున్నా అయితే రెండూ సమానం. ఈ తీసివేతను పోలిక సూత్రంగా సార్ట్ చేతికిస్తే పలాస తన చోటికి వచ్చేస్తుంది.

కానీ ఈ తప్పు ఎక్కడ దాక్కుంటుందో చూడండి. 2014 ఎన్నికల వరకు ఇవే నియోజకవర్గాలకు వేరే నంబర్లు ఉండేవి. ఉమ్మడి రాష్ట్రంలో 294 స్థానాలు, వాటిలో మొదటి 119 తెలంగాణవి. ఇచ్ఛాపురం నంబరు 120, పలాస 121, పాలకొండ 129, శృంగవరపుకోట 138. అన్నీ మూడంకెల సంఖ్యలే. అంకెల సంఖ్య సమానంగా ఉంటే అక్షరాలుగా పోల్చినా, సంఖ్యలుగా పోల్చినా వరుస ఒకటే వస్తుంది. అంటే పోలిక సూత్రం లేకుండా రాసిన స్క్రిప్టు ఆ జాబితా మీద ఏళ్ల తరబడి నిక్షేపంగా నడిచేది. రాష్ట్రం విడిపోయి ప్రతి నంబరులోంచీ 119 తగ్గేసరికి, స్క్రిప్టులో ఒక్క అక్షరం మారకుండానే పలాస వెళ్లి శృంగవరపుకోట వెనకాల పడింది. పరీక్షించేటప్పుడు చిన్న సంఖ్యా పెద్ద సంఖ్యా కలిపి ఇచ్చి చూడమని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే.

ఇక లెక్క సంగతి. అర్రేలో ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి అందరూ లెంగ్త్ చూస్తారు. దాని పేరు చూసి అది లెక్కపెట్టి చెబుతోందనుకుంటాం గానీ అది లెక్కపెట్టదు. అర్రేలో స్థానాలు సున్నా నుంచి మొదలవుతాయి. లెంగ్త్ చెప్పేది ఆఖరి స్థానం నంబరుకు ఒకటి కలిపిన సంఖ్యను. మధ్యలో ఖాళీలు లేనప్పుడు అది అసలు లెక్కతో సరిపోతుంది, అంతే. ఎవరైనా తెలివిగా నియోజకవర్గం నంబరునే స్థానంగా వాడి, 120వ స్థానంలో ఇచ్ఛాపురం, 138వ స్థానంలో శృంగవరపుకోట ఇలా నింపారనుకోండి. లోపల ఉన్నవి పంతొమ్మిదే, లెంగ్త్ మాత్రం 139 అంటుంది. ఆర్టీసీ బస్సు చివరి సీటు నంబరు చూసి బస్సులో ఎంతమంది కూర్చున్నారో చెప్పినట్టన్నమాట.

నంబరును స్థానంగా వాడొద్దంటే మరి ఎక్కడ పెట్టాలి? ఆబ్జెక్ట్‌లో. అర్రేలో వస్తువుకు చోటు ఉంటుంది, ఆబ్జెక్ట్‌లో పేరు ఉంటుంది. ఆ పేరునే కీ అంటారు. అయితే ఆబ్జెక్ట్‌కు లెంగ్త్ ఉండదు. అడిగితే తప్పని కూడా చెప్పదు, నిర్వచించలేదు అనే అర్థం వచ్చే అన్‌డిఫైన్డ్ అని ఊరుకుంటుంది. ఆబ్జెక్ట్.కీస్ అనే దానితో కీలన్నిటినీ ఒక అర్రేలోకి తీసుకుని, ఆ అర్రే పొడవు చూడాలి. పైథాన్ వాళ్లకు ఈ బాధ లేదు. అక్కడ జాబితాకైనా, డిక్షనరీకైనా లెన్ ఒక్కటే.

ఆబ్జెక్ట్ అసలు ఉపయోగం రకాలవారీ లెక్కలో తెలుస్తుంది. మన పంతొమ్మిది స్థానాల్లో ఎస్సీ రిజర్వుడు ఎన్ని, ఎస్టీ ఎన్ని, జనరల్ ఎన్ని? ఖాళీ ఆబ్జెక్ట్ ఒకటి పెట్టుకుని జాబితా మొదటి నుంచి నడవాలి. ఇచ్ఛాపురం దగ్గర జనరల్ అనే కీ ఇంకా పుట్టలేదు, కాబట్టి దాన్ని సున్నాతో పుట్టించి ఒకటి కలపాలి. ఆ సున్నా మరిచిపోతే అన్‌డిఫైన్డ్‌కు ఒకటి కలిపినట్టవుతుంది. జవాబుగా ‘సంఖ్య కాదు’ అని వస్తుంది, ఆ తర్వాత ఎన్ని కలిపినా అది సంఖ్య కాకుండానే మిగులుతుంది. సరిగా నడిస్తే రాజాం దగ్గర ఎస్సీ కీ పుడుతుంది, పాలకొండ దగ్గర ఎస్టీ కీ. చివరికి ఎస్సీ 2 (రాజాం, పార్వతీపురం), ఎస్టీ 3 (పాలకొండ, కురుపాం, సాలూరు), జనరల్ 14. రాష్ట్రం మొత్తం మీద ఉన్న ఏడు ఎస్టీ స్థానాల్లో మూడు ఈ కొసనే ఉన్నాయి.

నియోజకవర్గాల్ని వదిలి మండలాలకు వద్దాం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టే నాటికి శ్రీకాకుళం జిల్లాలో 38 మండలాలు, విజయనగరంలో 34. శ్రీకాకుళం నుంచి పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లాయి. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరంలో కలిశాయి. శ్రీకాకుళానికి మిగిలినవి 30. విజయనగరం నాలుగు తీసుకుని, పార్వతీపురం వైపు పదకొండు ఇచ్చి 27 దగ్గర ఆగింది. మన్యం జిల్లాకు 15. ఎలా కూడినా 72.

ఈ పని స్క్రిప్టుతో చేద్దాం. 38 మండలాలను అకారాది వరుసలో అర్రేలో పెట్టి, మొదటి నుంచి ఒక్కొక్కటీ చూస్తూ, వెళ్లిపోయే ఎనిమిదిలో ఉంటే అక్కడికక్కడే స్ప్లైస్‌తో తీసేద్దాం. ఎనిమిది తీశాక 30 ఉండాలి. 31 ఉంటాయి. మిగిలిపోయిన ఆ ఒక్కటీ రేగిడి ఆమదాలవలస.

ఎందుకు అదే? జాబితాలో ఆ చోట రణస్థలం, రాజాం, రేగిడి ఆమదాలవలస, లావేరు వరుసగా ఉంటాయి. రాజాం తీసేయగానే వెనకనున్నవన్నీ ఒక అడుగు ముందుకు జరుగుతాయి. రేగిడి వచ్చి రాజాం చోట కూర్చుంటుంది. లూపు మాత్రం ఆ చోటు చూసేశాననుకుని తర్వాతి చోటుకు వెళుతుంది. అక్కడ లావేరు ఉంది. రేగిడిని ఎవరూ చూడలేదు. మిగతా ఏడూ సరిగ్గా పోయాయంటే కారణం, వెళ్లిపోయే మరే రెండు పేర్లూ ఆ వరుసలో పక్కపక్కన లేవు. వంగరకూ వీరఘట్టానికీ మధ్య వజ్రపుకొత్తూరు అడ్డుంది. అదే జాబితాను ఇంకో వరుసలో పెడితే ఇంకో మండలం మిగిలిపోవచ్చు, ఒక్కటీ మిగలకపోవచ్చు కూడా. ఇలాంటి తప్పులు పట్టుకోవడం కష్టం అనేది ఇందుకే. చివరి నుంచి మొదటికి నడిస్తే ఈ బెడద ఉండదు. ఫిల్టర్‌తో ఉంచుకోవలసినవాటిని కొత్త అర్రేలోకి ఏరుకోవడం అంతకన్నా శుభ్రం. స్ప్లైస్‌కు బదులు డిలీట్ వాడినవాళ్లకు ఇంకో రకం అనుభవం. ఎనిమిది చోట్లా ఖాళీలు పడతాయి, లెంగ్త్ 38 దగ్గర నుంచి కదలదు.

పేర్లను ఎలా పోలుస్తున్నామో కూడా చూసుకోవాలి. ఈ 38లో కవిటి ఉంది, సంతకవిటీ ఉంది. ఆమదాలవలస, రేగిడి ఆమదాలవలస. కొత్తూరు, వజ్రపుకొత్తూరు. పేరులో ఈ మాట ఉందా అని అడిగే ఇన్‌క్లూడ్స్‌తో కవిటిని లెక్కపెడితే రెండు వస్తాయి, అందులో ఒకటి ఇప్పుడు విజయనగరం జిల్లాది. కచ్చితంగా సమానమా అని అడగాలి.

ఇప్పుడు అకారాది వరుస అన్నాం కదా, ఎవరి అకారాది? శ్రీకాకుళం జిల్లా 30 మండలాలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పేర్చితే ఇచ్ఛాపురం ఏడోది, హిరమండలం ఆరోది, టెక్కలి ఇరవై తొమ్మిదోది. తెలుగులో రాసి పేర్చితే ఇచ్ఛాపురం రెండోది, టెక్కలి పన్నెండోది, హిరమండలం అన్నిటికన్నా చివరిది. రెండు భాషల్లోనూ కదలకుండా ఉన్న మొదటి పేరు ఆమదాలవలస. అందువల్ల తెలుగు పేర్ల జాబితా ఒకటి, ఇంగ్లీషు పేర్ల జాబితా ఒకటి విడివిడిగా సార్ట్ చేసి, వరుస నంబరును బట్టి పక్కపక్కన అంటిస్తే మన హిరమండలం పక్కన వజ్రపుకొత్తూరు ఇంగ్లీషు పేరు పడుతుంది. రెండు పేర్లనూ ఒకే ఆబ్జెక్ట్‌లో ఉంచి, ఆ ఆబ్జెక్ట్‌లనే వరుసలో పెట్టడం తప్ప వేరే దారి లేదు.

పొట్టి పేర్లతో మరో చిక్కు. ఎల్.ఎన్.పేట అని రాస్తే అది తెలుగు జాబితాలో నాలుగోది. పూర్తిగా లక్ష్మీనర్సుపేట అని రాస్తే ఇరవై రెండోది. జి.సిగడాం జ గుణింతంలో ఉంటుంది, గంగువారి సిగడాం అంటే గార కన్నా ముందుకు ఎక్కేస్తుంది.

తెలుగు అక్షరాలకు కంప్యూటర్‌లో ఉన్న వరుస యూనికోడ్ ఇచ్చినది. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య. పోలిక సూత్రం లేని సార్ట్ ఆ సంఖ్యలనే పోలుస్తుంది. భారతీయ లిపులన్నిటికీ ఒకే అచ్చు ఉండాలన్న ఇస్కీ ప్రమాణాన్ని యూనికోడ్ తీసుకుంది కాబట్టి దేవనాగరిలో ఏ అక్షరం ఎన్నో గడిలో ఉంటుందో తెలుగులోనూ దాదాపు అక్కడే ఉంటుంది. ఈ ఏర్పాటు మనకు చాలావరకు మేలే చేసింది. అచ్చుల తర్వాత హల్లులు, వాటి తర్వాత గుణింతపు గుర్తులు, చివర పొల్లు. అందుకే నరసన్నపేట, పలాస, పాతపట్నం, పొందూరు, పోలాకి అడక్కుండానే చక్కగా వరుసలో నిలబడతాయి.

చిక్కు ళ దగ్గర వస్తుంది. పెద్ద బాలశిక్ష చదువుకున్నవాళ్లకు య ర ల వ శ ష స హ అయ్యాకే ళ. యూనికోడ్‌లో ళ వెళ్లి ల పక్కన, వ కన్నా ముందు కూర్చుంది. కాబట్టి కవిటిని, గార మండలంలోని కళింగపట్నాన్ని వరుసలో పెట్టమంటే యంత్రం కళింగపట్నం ముందు అంటుంది, బడి పంతులు కవిటి ముందు అంటారు. నా ఓటు పంతులుకే. వర్ణమాల వరుసే కావాలంటే అక్షరాల క్రమాన్ని ఒక జాబితాగా రాసి, దాన్ని బట్టి పోల్చే సూత్రాన్ని మనమే సార్ట్‌కు ఇవ్వాలి.

అక్షరాలు లెక్కపెట్టడం ఇంకా తమాషా. శ్రీకాకుళం అనే మాటలో ఎన్ని అక్షరాలు? మనకు నాలుగు: శ్రీ, కా, కు, ళం. జావాస్క్రిప్ట్ లెంగ్త్ పది అంటుంది. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న: గుర్తులు పది. విజయనగరానికి మనం ఆరు అంటే అది ఎనిమిది అంటుంది. మనిషి చూసే అక్షరాలను లెక్కపెట్టడానికి సెగ్మెంటర్ అనే పనిముట్టు ఉంది. పాత బ్రౌజర్లలో అది శ్రీని రెండు ముక్కలు చేసి శ్రీకాకుళాన్ని ఐదు అనేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగు సంయుక్తాక్షరాలను విడగొట్టకూడదని నియమం పెట్టింది. దాన్ని పాటించే బ్రౌజర్‌లో ఇప్పుడు నాలుగే.

కంటికి ఒకేలా కనబడి లెక్కలో రెండుగా తేలే పేర్లూ ఉన్నాయి. రణస్థలం మండలంలోని పైడిభీమవరాన్ని తీసుకోండి. ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు రెండూ కలిపీ రాయొచ్చు. తెర మీద తేడా తెలియదు. మొదటి దాని పొడవు పది, రెండోదానిది పదకొండు. వేర్వేరు కార్యాలయాల నుంచి వచ్చిన జాబితాలు కలిపి, ఎన్ని వేర్వేరు ఊళ్లున్నాయో, ఒకే విలువను రెండోసారి చేర్చుకోని సెట్‌లో వేసి సైజ్ చూస్తే పైడిభీమవరం రెండుసార్లు పడుతుంది. రెండు రాతలనూ ఒకే రూపంలోకి తెచ్చే నార్మలైజ్ వాడితే ఇది పోతుంది. టైపు చేసేవాళ్లు పొల్లు తర్వాత పెట్టే కంటికి కనబడని విభజన గుర్తు మాత్రం నార్మలైజ్‌కు కూడా లొంగదు, దాన్ని వెతికి తీసెయ్యాలి. ఇచ్ఛాపురం, ఇచ్చాపురం అని ఒత్తు తేడాతో రాసినవాటిని ఏ యంత్రమూ తనంతట కలపదు. ఆ పని మనిషిదే.

సార్ట్ గురించి రెండు మాటలు మిగిలాయి. అది కొత్త జాబితా ఇవ్వదు, చేతిలో ఉన్న అసలు జాబితానే మార్చేస్తుంది. ఇచ్ఛాపురం నుంచి దక్షిణానికి వచ్చే వరుస ఒకసారి అకారాదిగా మారిపోయాక, నంబర్లు దాచుకోకపోతే తిరిగి రాదు. 2023 ప్రమాణంలో వచ్చిన టుసార్టెడ్ అసలును ముట్టుకోకుండా నకలు ఇస్తుంది. రెండోది స్థిరత్వం. 72 మండలాలను ముందు పేరును బట్టి, తర్వాత జిల్లాను బట్టి సార్ట్ చేశామనుకోండి. ఒక్కో జిల్లా లోపల పేర్లు ముందటి వరుసలోనే ఉంటాయని ఆశిస్తాం. క్రోమ్‌లో 2018 వరకు ఆ హామీ లేదు. పది వస్తువుల వరకు ఒక పద్ధతి, అది సమానమైనవాటిని కదపదు. పది దాటితే క్విక్‌సార్ట్, అది కలిపేసేది. పాత శ్రీకాకుళం జిల్లా పది నియోజకవర్గాల మీద పరీక్షిస్తే అంతా సవ్యంగా ఉండేది. మండలాల జాబితా ఇవ్వగానే చెదిరేది. పైథాన్ కోసం టిమ్ పీటర్స్ 2002లో రాసిన టిమ్‌సార్ట్‌ను క్రోమ్ తీసుకున్నాక ఆ గొడవ పోయింది. 2019 నుంచి స్థిరత్వం జావాస్క్రిప్ట్ ప్రమాణంలోనే ఉంది.

చివరగా, కీల వరుస. ఆబ్జెక్ట్‌లో కీలను ఏ వరుసలో వేస్తే ఆ వరుసలోనే తిరిగి వస్తాయని చాలామంది నమ్మకం. పేర్లయితే నిజమే. కీ పూర్ణసంఖ్యలా కనబడితే మాత్రం కాదు. ముందు విజయనగరం 535001, తర్వాత శ్రీకాకుళం 532001 అని పిన్ కోడ్లను కీలుగా వేయండి. చదివేటప్పుడు శ్రీకాకుళమే ముందొస్తుంది. సంఖ్యల్లాంటి కీలను జావాస్క్రిప్ట్ చిన్న నుంచి పెద్దకు తానే పేర్చేసుకుంటుంది. వేసిన వరుస నిలవాలంటే మ్యాప్ వాడాలి. దానికి సైజ్ కూడా సొంతంగా ఉంది.

ఆ పిన్ కోడ్లనే నమ్ముకుని జిల్లాల లెక్క తీసే స్క్రిప్టులు కూడా ఉంటాయి. మొదటి మూడంకెలు 532 అయితే శ్రీకాకుళం, 535 అయితే విజయనగరం అని. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్ కోడ్ ఉత్తరాలు వేరుచేయడానికి పుట్టింది, జిల్లాల సరిహద్దుల కోసం కాదు. రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చినా దాని పిన్ 532127. పాలకొండది 532440, పార్వతీపురానిది 535501, ఈ రెండూ ఉన్నది మన్యం జిల్లాలో. ఇలాంటి పనికి కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ ఉంది. జిల్లాకూ మండలానికీ గ్రామానికీ తలా ఒక కోడ్ ఇస్తుంది. మన జిల్లాల జాబితాలతో స్క్రిప్టు రాయబోయేవాళ్లు ముందు మీ ఊరి కోడ్ అందులో వెతికి చూడండి. పేరు ఏ స్పెల్లింగుతో ఉందో, ఏ జిల్లా కింద ఉందో చూసుకున్నాకే మొదటి లైను రాయండి.